దెబ్బ తిన్నాక మిగిలే బలం

1940 నవంబరులో హెన్రీ ఫోర్డ్ తన కారు డిక్కీ మూత మీద గొడ్డలి ఎత్తి కొడుతుండగా ఒక ఫొటో తీశారు. ఆ మూత ఇనుపరేకు కాదు, పొలంలో పండే ముడిసరుకును రెజిన్‌తో కలిపి అచ్చు పోసిన ప్లాస్టిక్ పలక. మరుసటి ఏడాది ఆగస్టులో అలాంటి పలకలు తొడిగిన కారునే ఆయన డియర్‌బోర్న్‌లో జనానికి చూపించాడు. సోయాబీన్ కారు అని దానికి పేరు పడింది. ఆ పలకల్లో ఏవి ఏ పాళ్లలో కలిపారో చెప్పే పూర్తి వివరం మిగల్లేదు కానీ ఫొటో మిగిలింది. మొక్కల నుంచి వచ్చిన పదార్థం ఇనుముతో పోటీ పడగలదని నమ్మించడానికి ఈనాటికీ దాన్ని చూపిస్తారు. ఆ ఫొటో జవాబు చెప్పని ప్రశ్న ఒకటుంది. దెబ్బ పడ్డ చోట ఆ మూతలోంచి ఒక ముక్క కోసి, రెండు కొసలూ పట్టి లాగితే, లేదా రెండు అంచులూ బిగించి నొక్కితే, దెబ్బకు ముందు ఓర్చుకున్న బరువులో ఎన్నో వంతు ఓర్చుకుంటుంది? పలక పగలకపోవడం వేరు, పలకలో బలం మిగలడం వేరు. మొక్కల నారతో చేసే మిశ్రమ పదార్థాలను పొగిడేవాళ్లూ తెగడేవాళ్లూ కూడా ఎక్కువగా మొదటిదాని గురించే మాట్లాడతారు. వాటి విలువ కట్టాల్సింది రెండోదాన్ని బట్టి అన్నదే ఈ అధ్యాయంలో నేను చేయబోయే వాదన.

ముందు దెబ్బ ఎంత పెద్దదో లెక్క చూద్దాం. అరకిలో బరువున్న పానా రెండు మీటర్ల ఎత్తు నుంచి జారిపడితే కింద తాకే సమయానికి దానిలో ఉండే శక్తి సుమారు 10 జౌళ్లు. రోడ్డు మీద ఎగిరి తగిలే కంకర రాయి, సామాను దించేటప్పుడు గుద్దుకునే పెట్టె మూల, చెయ్యి జారిన పనిముట్టు అన్నీ ఈ కోవలోవే. వీటిని తక్కువ వేగపు అభిఘాతాలు అంటారు. వేగం తక్కువే గానీ ఒక వస్తువు జీవితకాలంలో ఎక్కువసార్లు ఎదురయ్యేవి ఇవే. ఇదే దెబ్బ ఇనుపరేకు మీద పడితే సొట్ట పడుతుంది. లోహంలోని స్ఫటిక తలాలు ఒకదాని మీద ఒకటి జారుకుని దెబ్బశక్తిని ఖర్చు చేస్తాయి. సొట్టపడ్డ రేకు చూడ్డానికి బాగుండదేమో గానీ బలంలో పెద్దగా నష్టపోదు. మిశ్రమ పదార్థానికి అంత వెసులుబాటు లేదు. గట్టిపడిన రెజిన్ పెళుసు. అందులోని నార సాగేది కొద్దిగానే. వచ్చిన శక్తిలో కొంత వంగి తిరిగి లేచే క్రమంలో వెనక్కి పోతుంది. మిగతాది ఏదో ఒకదాన్ని విరిచే తీరుతుంది. రెజిన్ బీటలు వారవచ్చు, నారకూ రెజిన్‌కూ మధ్య పట్టు వదలవచ్చు, ఒక పొర పక్క పొర నుంచి విడిపోవచ్చు, నార తెగవచ్చు, తెగిన నార తన గూటిలోంచి రాసుకుంటూ బయటికి లాగబడవచ్చు. ఈ ఐదింటిలో ప్రతిదీ శక్తిని మింగుతుంది. అయితే ఒక్కో జౌలు మింగినందుకు ఒక్కోటి ఒక్కో మొత్తంలో బలాన్ని పోగొడుతుంది. రెజిన్‌లో వందలకొద్దీ సన్న బీటలు వచ్చినా లాగినప్పుడు పలక బలం అంతగా తగ్గదు, ఎందుకంటే బరువు మోసేది నార. అదే నార తెగితే మింగిన ప్రతి జౌలూ నేరుగా మోసే శక్తిలోంచి తీసివేసినట్టే.

అందుకే మొక్కల నార లోపల ఏముందో దగ్గరగా చూడాలి. గాజునార తీగ ఒకటే గట్టి కడ్డీ, లోపల బయట ఒకే పదార్థం. జనపనార గానీ గోగునార గానీ అలా కాదు. మన కంటికి ఒక పోగులా కనిపించేది నిజానికి ఎన్నో కణాల కట్ట. ఆ కణాలను పెక్టిన్, లిగ్నిన్ అనే బంకలు అతికి ఉంచుతాయి. ఒక్కో కణం గోడలో సెల్యులోజ్ సూక్ష్మతంతువులు మెలితిరిగి చుట్టుకుని ఉంటాయి, నడిమధ్యన సన్నని బోలు ఉంటుంది. ఆ మెలిక నార పొడవుతో చేసే కోణం మీదే నార స్వభావమంతా ఆధారపడింది. జనపనారలో అది సుమారు 8 డిగ్రీలు, అవిసె నారలో సుమారు 10. తంతువులు దాదాపు నిట్టనిలువుగా ఉన్నట్టే. అందుకే ఆ నారలు బిరుసుగా ఉండి 1.5 నుంచి 3 శాతం సాగేలోపే తెగిపోతాయి. కొబ్బరి పీచులో ఆ కోణం 30 డిగ్రీలు దాటి 45 దాకా కూడా ఉంటుంది. లాగినప్పుడు చుట్టచుట్టిన స్ప్రింగు విప్పుకున్నట్టు ముందు మెలికలు సవరించుకుంటాయి. అందుకే కొబ్బరి పీచు 15 శాతానికి పైగా సాగుతుంది, కానీ దాని బలం 200 మెగాపాస్కల్స్ దరిదాపుల్లోనే ఆగిపోతుంది. జనపనార బలం 400 నుంచి 800 మెగాపాస్కల్స్. కిత్తనార ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. అది మెలిక కోణం సుమారు 20 డిగ్రీలతో, ఓ మోస్తరు బలంతో, ఓ మోస్తరు సాగుడుతో ఉంటుంది. గాజునార బలం 2000 మెగాపాస్కల్స్‌కు పైమాటే. అయితే దాని సాంద్రత 2.5 దాటితే, మొక్కల నారలది 1.2 నుంచి 1.5 లోపే.

ఇప్పుడు పరీక్ష దగ్గరికి వద్దాం. ప్రపంచమంతటా ఎక్కువగా వాడే పద్ధతి ఎ.ఎస్.టి.ఎం. డి 7136. 150 మిల్లీమీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పలకను 125కు 75 మిల్లీమీటర్ల కంత ఉన్న ఉక్కు దిమ్మె మీద పెట్టి నాలుగు మూలలా రబ్బరు మొనల బిగింపులతో పట్టి ఉంచుతారు. పైనుంచి 16 మిల్లీమీటర్ల వ్యాసమున్న అర్ధగోళాకారపు ఉక్కు మొనను జారవిడుస్తారు. పలక మందంలో ప్రతి మిల్లీమీటరుకూ 6.7 జౌళ్ల చొప్పున దెబ్బ అన్నది అందులోని ప్రామాణిక లెక్క. జనపనార నేతగుడ్డతో చేసిన పలక మీద అంతకంటే చిన్న దెబ్బే వేసి, తీసి వెలుగులో పెట్టి చూస్తే, పైముఖాన లోతు లేని చిన్న గుంట, చుట్టూ రెజిన్ కాస్త తెల్లబారిన వలయం కనిపిస్తాయి. ఇంతేనా అనిపిస్తుంది. తిప్పి చూస్తే వెనక ముఖాన నేత దారాల వెంట రెండు పగుళ్లు కూడిక గుర్తులా ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్లి ఉంటాయి. పగులు అంచుల్లో తెగిన పోగులు నూగులా లేచి ఉంటాయి. భూతద్దంలో చూస్తే కొన్ని పోగులు నిటారుగా తెగి ఉంటాయి, కొన్ని గూటిలోంచి లాగబడి పొడవుగా బయటికి వచ్చి ఉంటాయి, మరికొన్ని కణాల మధ్య బంక వదిలి నిలువునా చీలి ఉంటాయి. ఈ మూడోది గాజులో ఉండదు. దాన్ని చీల్చడానికి అందులో కణాలే లేవు. గుంట కంటే వెనక పగులు పెద్దదిగా ఉండడానికి కారణం సాదా వంపు సూత్రం: మీద పడ్డ మొన పలకను కిందికి వంచుతుంది, వంగినప్పుడు అడుగు ముఖం సాగుతుంది, 2 శాతం కూడా సాగలేని నార అక్కడే ముందు తెగుతుంది.

మింగిన శక్తికీ మిగిలిన బలానికీ పొంతన లేదని చెప్పే సాక్ష్యం మన దేశంలోని పరిశోధనల్లోనే దొరుకుతుంది. తిరువనంతపురంలోని ప్రాంతీయ పరిశోధనాలయం, అంటే నేటి ఎన్.ఐ.ఐ.ఎస్.టి., 1980లలో కొబ్బరి, అరటి, కిత్తనార, అనాస ఆకు నారల మీద విస్తారంగా పని చేసింది. అక్కడి పవిత్రన్ బృందం 1987లో ఈ నాలుగింటినీ పాలియెస్టర్ రెజిన్‌లో పెట్టి లోలకపు సుత్తితో కొట్టి చూసింది. నార ఎంత గట్టి మొండిదైతే పలక విరగడానికి అంత ఎక్కువ శక్తి పట్టాలి అన్న అంచనా మూడు నారల విషయంలో నిజమైంది. కొబ్బరి పీచు దగ్గర తప్పింది. విడిగా లాగితే అంతగా సాగే పీచు పలకలోకి వెళ్లేసరికి తన మొండితనాన్ని అందించలేకపోయింది. నారలో ఉన్న గుణం పలకలోకి దానంతటదే నడిచి రాదని ఇది చూపింది. రెండో సాక్ష్యం 2007 నాటిది. సబీల్ అహ్మద్, విజయరంగన్ బృందం జనపనార పలకలనూ, జనపనారతో గాజుగుడ్డ కలిపిన పలకలనూ ఒకే రకం పాలియెస్టర్‌తో చేసి పైనుంచి మొన జారవిడిచి పోల్చింది. శక్తిని ఎక్కువగా పీల్చుకున్నది ఒట్టి జనపనార పలక. దెబ్బను తట్టుకుని ఎక్కువ బలం నిలుపుకున్నది గాజు కలిపిన పలక. మొదటి వాక్యాన్ని మాత్రమే చదివితే జనపనారే మేలనిపిస్తుంది, రెండోది కూడా చదివితే మొదటి వాక్యానికి అర్థమే మారిపోతుంది. ఆ పలక ఎక్కువ శక్తిని పీల్చుకున్నది ఎక్కువగా విరిగినందువల్లే. ప్రచార పత్రాల్లో శక్తి శోషణ అనే అంకె కనిపించిన ప్రతిచోటా పాఠకుడు వెంటనే అడగాల్సిన ప్రశ్న ఇదే: దేన్ని విరిచి పీల్చుకుంది?

ఈ ప్రశ్నను అంకెల్లోకి దించే దారి కూడా ఉంది. ఒకే రకం పలకలను చాలా చేసి, ఒక్కోదాన్ని ఒక్కో శక్తితో కొట్టి, తర్వాత అన్నిటినీ లాగో నొక్కో విరిచి, మిగిలిన బలాన్ని దెబ్బశక్తికి ఎదురుగా గీస్తే వచ్చే వంపురేఖకు దాదాపు ఎప్పుడూ ఒకే పోలిక ఉంటుంది. మొదట కొంతదూరం బల్లపరుపుగా సాగుతుంది. అంటే ఒక హద్దు లోపల ఎంత కొట్టినా నష్టం లేదు. ఆ హద్దు దాటగానే రేఖ గబగబా పడిపోతుంది. చివర్న మొన పలకను పూర్తిగా తొలుచుకుపోయే శక్తి దగ్గర మళ్లీ పడడం ఆగుతుంది, ఎందుకంటే అప్పటికి పలకలో ఉన్నది ఒక రంధ్రం, అంతకంటే గట్టిగా కొట్టినా అదే రంధ్రం. ఇటలీ ఇంజనీరు కాప్రినో 1984లో కార్బన్ నార పలకల కోసం ఈ నడిమి వాలుకు తేలికైన సూత్రం ఇచ్చాడు: మిగిలిన బలం నిష్పత్తి, హద్దు శక్తిని దెబ్బశక్తితో భాగించగా వచ్చినదానికి ఒక ఘాతం. ఆ ఘాతం 0.3 అనుకుంటే, హద్దుకు రెట్టింపు శక్తితో కొట్టినప్పుడు 81 శాతం బలం మిగులుతుంది. ఘాతం 0.6 అయితే అదే దెబ్బకు 66 శాతమే మిగులుతుంది. అంటే ఒక పదార్థాన్ని రెండు అంకెలతో గుర్తుపట్టవచ్చు: నష్టం ఎక్కడ మొదలవుతుంది, మొదలయ్యాక ఎంత ఏటవాలుగా పడుతుంది. మొక్కల నార పలకల్లో ఆ హద్దు సాధారణంగా తక్కువ శక్తి దగ్గరే వస్తుంది, కారణం మళ్లీ ఆ 2 శాతం సాగుడే. ఇది ఒప్పుకోవాల్సిన బలహీనత. ఒప్పుకుంటేనే దానికి తగ్గట్టు మందం పెంచడమో, దెబ్బ తగలని చోట వాడడమో ఆలోచించగలం.

మిగిలిన బలాన్ని ఎలా కొలవాలన్న దగ్గర నాకు విమానరంగం నుంచి అరువు తెచ్చుకున్న అలవాటు మీద ఫిర్యాదు ఉంది. కార్బన్ నార పలకలకు దెబ్బ తర్వాత నొక్కి చూడడమే అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. పొరలు విడిపోయాక ఒక్కో పొర విడివిడిగా వంగిపోవడమే అందుకు కారణం. వంపును ఎదిరించే బిరుసు మందం ఘనంతో పెరుగుతుంది కనుక, ఒక పలక నట్టనడుమ రెండుగా విడిపోతే ఒక్కో సగానికి ఎనిమిదో వంతు బిరుసే ఉంటుంది, రెండూ కలిపినా నాలుగో వంతే. పైకి ఏమీ కనిపించని కార్బన్ పలక నొక్కినప్పుడు సగం బలానికే లొంగిపోవడానికి మూలం ఇది. జనపనార, అవిసె నార నేతగుడ్డల పలకల్లో కథ వేరు. వాటిలో పొరలు విశాలంగా విడిపోవడం తక్కువ. నష్టం దెబ్బ తగిలిన చోటే కేంద్రీకరించుకుని నార తెగుతుంది. తెగిన నార నొక్కినప్పటికంటే లాగినప్పుడూ వంచినప్పుడూ ఎక్కువ బయటపడుతుంది. పైగా కారు తలుపు లోపలి పలక మందం రెండు మిల్లీమీటర్ల ప్రాంతం. అంత పలచని పలకను అంచుల మీద నొక్కితే దెబ్బ తగిలినా తగలకపోయినా మొత్తంగా విల్లులా వంగిపోతుంది. అప్పుడు వచ్చే అంకె ఆ వంపుది, దెబ్బ నష్టానిది కాదు. దెబ్బ తర్వాత వంచి చూసే పరీక్షను చాలామంది మొక్కల నార పరిశోధకులు ఎంచుకోవడంలో న్యాయముంది. అలా చేస్తే విమానాల అంకెలతో పోల్చడం కుదరదని ఆక్షేపించేవారున్నారు. నిజమే, కుదరదు. కానీ తలుపు పలకను విమానం రెక్కతో పోల్చాల్సిన పని ఎవరికి ఉంది? పలక తన పనిలో ఎలా విరుగుతుందో అలా విరిచి చూస్తేనే ఆ అంకె పనికొస్తుంది.

నష్టం కంటికి కనిపించడం మొక్కల నారకు ఉన్న గొప్ప సుగుణమని మరో వాదన. ఇందులో నిజం ఉంది. కార్బన్ పలకల్లో ఇంజనీర్లను భయపెట్టేది కనీకనిపించని నష్టం. అంటే పైన చిన్న గుంట, లోపల అరచేయంత మేర పొరలు విడిపోవడం. మొక్కల నార పలకలో నష్టం తొందరగా పైకి తేలుతుంది, గుంటకూ లోపలి నష్టానికీ పొంతన బాగా ఉంటుంది. అయితే పైన చెప్పినట్టు ఆ పగులు ముందుగా తేలేది వెనక ముఖాన. తలుపు పలక, బోటు అడుగు, సూట్‌కేసు గుల్ల, ఏదైనా సరే, వాడేవాడికి కనిపించేది ముందు ముఖం ఒక్కటే. వెనక పగులును విప్పి చూసే మెకానిక్కు ఉంటేనే ఈ సుగుణం సుగుణం. విప్పకుండా పసిగట్టే పద్ధతుల్లో శబ్ద ఉద్గారాలను వినడం ఈ పదార్థాలకు బాగా నప్పుతుంది. దెబ్బ తిన్న పలక మీద మెల్లగా బరువు పెంచుతూ పోతే లోపలి బీటలు కదిలి చెవికందని చిటపటలు చేస్తాయి, పలకకు అంటించిన సెన్సర్లు వాటిని పట్టుకుంటాయి. కార్లో సాంతుల్లి 2001లో జనపనార, పాలియెస్టర్ పలకల మీద ఈ పద్ధతిని వాడి చూపించాడు. అతిధ్వని తరంగాలు ఇక్కడ అంత హాయిగా పనిచేయవు. కణాలు, బోలు, గాలిబుడగలు నిండిన నార వాటిని దారిలోనే చెదరగొడుతుంది.

ఇక రసాయన శాస్త్రవేత్తల నుంచి వచ్చే అభ్యంతరం బలమైనది. నారకూ రెజిన్‌కూ పట్టు సరిగా లేకపోవడమే అసలు జబ్బు, దాన్ని నయం చేస్తే మిగిలిన బలం దానంతటదే పెరుగుతుంది కదా అంటారు. మొక్కల నార నీటిని ఇష్టపడుతుంది, రెజిన్ ఇష్టపడదు. నారను కాస్టిక్ సోడా నీటిలో నానబెడితే పైనున్న మైనం, పెక్టిన్, హెమిసెల్యులోజ్ కొంత కరిగిపోయి గరుకు తేలుతుంది. రెజిన్ బాగా కరుచుకుంటుంది, లాగుడు బలం, వంపు బలం పెరుగుతాయి. ఇంతవరకూ ఎవరూ కాదనరు. కానీ అదే పలకను సుత్తితో కొడితే విరగడానికి పట్టే శక్తి తరచు తగ్గుతుంది. ఎందుకో అర్థం కావాలంటే 1964లో కుక్, గోర్డన్ వేసిన లెక్క చూడాలి. బీట ముందుకు పాకేటప్పుడు దాని మొనకు కాస్త ముందర, బీట నడిచే దిశలోనే ఒక లాగుడు ఏర్పడుతుంది. అది మొన దగ్గర ఉండే గరిష్ఠ ఒత్తిడిలో ఐదో వంతు ఉంటుంది. బీటకు అడ్డంగా ఉన్న నార, రెజిన్ సంధి ఆ ఐదో వంతు కంటే బలహీనమైతే, బీట చేరకముందే సంధి విచ్చుకుని బీట మొనను మొద్దుబారుస్తుంది. బీట అక్కడే ఆగుతుంది, నార బతికి బయటపడుతుంది. సంధిని మరీ గట్టి చేస్తే బీటకు నార ఒక అడ్డు కాకుండా పోతుంది, రెజిన్‌నూ నారనూ ఒకే ఊపులో కోసుకుపోతుంది. మరి సంధిని బలహీనంగానే వదిలేయాలా అంటే అదీ కాదు. మరీ బలహీనమైతే నార మీదికి బరువే బదిలీ కాదు. కావలసింది నడిమి స్థాయి. ఆ స్థాయిని ఎంచాల్సింది లాగుడు బలం గరిష్ఠంగా వచ్చే చోటు చూసి కాదు, తగలబోయే దెబ్బ తర్వాత మిగిలే బలం గరిష్ఠంగా వచ్చే చోటు చూసి. సోడా ఎంతసేపు పెట్టాలన్న ప్రశ్నకు జవాబు వెతికే పరిశోధనలు లాగుడు పరీక్షతో ఆగిపోయినప్పుడల్లా మనకు దొరికేది సగం జవాబే.

నీటి విషయంలో ఈ తికమక ఇంకా స్పష్టంగా కనబడుతుంది. వ్యాపార లెక్కల్లో జనపనారకు అంగీకరించిన తేమ 13.75 శాతం. మామూలు గాలిలోనే అది అంత నీటిని పట్టి ఉంచగలదు. గాజునార ఏమీ పట్టుకోదు. పలకలోని నార నీరు తాగితే అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఈ ఉబ్బు తగ్గుల మధ్య సంధి వదులై సన్న ఖాళీలు ఏర్పడతాయి. తడిసిన పలకను కొట్టి చూస్తే విచిత్రంగా చాలా పరీక్షల్లో అది ఎక్కువ శక్తిని మింగుతుంది. నీరు నారను మెత్తబరచి ఎక్కువ సాగనిస్తుంది, వదులైన సంధిలో పోగులు ఎక్కువగా జారతాయి. శక్తి అంకెనే ప్రమాణంగా తీసుకునేవాడు వాన తగలడం ఈ పలకకు మేలు చేసిందని రాసుకోవాల్సి వస్తుంది. బిరుసు, మిగిలిన బలం కొలిచేవాడికి అసలు సంగతి తెలుస్తుంది. ఇంకో ప్రమాదం ఏమిటంటే, దెబ్బ వల్ల వచ్చిన పగులు నీటికి తలుపు తెరుస్తుంది. గాజు పలకలో పగులు పగులుగానే ఉంటుంది. మొక్కల నార పలకలో పగులు అంచున బయటపడిన పోగులు నీటిని లోపలికి పీల్చుకుంటాయి. అందుకని దెబ్బ తిన్న మర్నాడు కొలిచిన బలమే ఒక వానాకాలం గడిచాక కూడా ఉంటుందని అనుకోకూడదు. ఆరుబయట వాడే ఏ పలకకైనా కొట్టి, తడిపి, ఆరబెట్టి, ఆ తర్వాతే విరిచి చూడాలి. ఈ వరుసలో చేసిన పరీక్షలే నన్ను ఒప్పించగలవు.

ఇన్ని బలహీనతలు ఒప్పుకున్నాక, మరి గాజే వాడుకోవచ్చు కదా అని అడగడం సహజం. దీనికి చరిత్ర కొంత, లెక్క కొంత జవాబిస్తాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌కు అల్యూమినియం కొరత పడుతుందన్న భయంతో నార్మన్ డి బ్రూయిన్ సంస్థ అవిసె నారను ఫినాలిక్ రెజిన్‌తో తడిపి స్పిట్‌ఫైర్ విమానానికి ప్రయోగాత్మకంగా దేహం తయారుచేసింది. తూర్పు జర్మనీలో 1957 నుంచి 1991 దాకా సుమారు 30 లక్షల ట్రబాంట్ కార్లకు పత్తి వ్యర్థాన్ని ఫినాలిక్ రెజిన్‌తో అదిమి చేసిన పలకలే ఒళ్లంతా తొడిగారు. ఆ పలకలు తుప్పు పట్టవు, సొట్ట పడవు, గట్టి దెబ్బకు పగులుతాయి. 2019లో పోర్షే తన రేసు కారు 718 కేమన్ జీటీ4 క్లబ్‌స్పోర్ట్‌కు తలుపులూ వెనక రెక్కా మొక్కల నారతో చేసింది. ఇక లెక్క. పలక వంపు బిరుసు మందం ఘనంతో పెరుగుతుందని చెప్పుకున్నాం. జనపనార పలక పదార్థం గాజు పలకలో సగం బిరుసే అనుకుందాం. అదే వంపు బిరుసు రావడానికి మందాన్ని రెట్టింపు చేయనక్కరలేదు, 26 శాతం పెంచితే చాలు. గాజు పలక సాంద్రత 1.9, జనపనార పలకది 1.25 అనుకుంటే, మందం పెంచిన తర్వాత కూడా జనపనార పలక దాదాపు 17 శాతం తేలికగా ఉంటుంది. ఆ అదనపు మందం దెబ్బను ఓర్చుకోవడంలోనూ కలిసివస్తుంది. కాబట్టి ఒకే మందమున్న రెండు పలకలను కొట్టి గాజే గెలిచిందని చెప్పడం న్యాయమైన పోటీ కాదు. ఒకే బరువున్నవాటినో, ఒకే బిరుసున్నవాటినో కొట్టాలి. ఈ న్యాయం రెండువైపులా వర్తిస్తుంది. బరువుతో భాగించి గెలిచామని చెప్పే మొక్కల నార పక్షపాతులు మిగిలిన బలాన్ని కూడా బరువుతో భాగించి చూపించాలి.

తలుపు పలక బరువు మోసేది కాదు కదా, దానికి మిగిలిన బలం గొడవ ఎందుకు అనేవాళ్లకు ఒక్క మాట. గోగునార, అవిసె నార కార్ల లోపలి పలకల్లో స్థిరపడిన మాట నిజమే. గుద్దుకున్నప్పుడు లోపల కూర్చున్న మనిషి భుజం తగిలేది ఆ పలకకే. మొదటి కుదుపుకు పగిలి వాడి మొనలు లేపే పలకకూ, పగిలినా నారల అల్లికతో కలిసి ఉండే పలకకూ తేడా ఆ మనిషి ఒంటి మీద తెలుస్తుంది.

నా దృష్టిలో ప్రస్తుతానికి అన్నిటికన్నా సమంజసమైన దారి కలిపి వాడడం. మూడు మిల్లీమీటర్ల పలకలో పైన అర మిల్లీమీటరు, కింద అర మిల్లీమీటరు, అంటే పదార్థంలో మూడో వంతు, మొత్తం వంపు బిరుసులో 70 శాతాన్ని అందిస్తుంది. దెబ్బ తగిలినప్పుడు ఎక్కువగా నలిగేదీ సాగేదీ కూడా ఆ రెండు ముఖాలే. అక్కడ 3 శాతానికి మించి సాగగల గాజుగుడ్డను పెట్టి, నడుమ జనపనారతో మందం నింపితే, వెనక ముఖాన తొలి పగులు వచ్చే శక్తి హద్దు పైకి జరుగుతుంది. 2007 నాటి ఆ పరీక్షలో గాజు కలిపిన పలక ఎక్కువ బలం నిలుపుకోవడానికి మూలం ఇక్కడే ఉంది. గాజు కలిపితే ఇక ప్రకృతి సిద్ధం అన్న మాటకు అర్థమేముందని ఒక అభ్యంతరం వస్తుంది. దాన్ని తేలిగ్గా తోసెయ్యను. గాజూ నారా కలిసిన పలకను విడదీయడం కష్టం. కాల్చినా గాజు బూడిదలో మిగులుతుంది. కానీ పాలియెస్టర్‌తో గట్టిపడిన ఒట్టి జనపనార పలక కూడా మట్టిలో కలిసేది కాదు, ఆ రెజిన్ కరగదు, కుళ్లదు. రెండేళ్లకు పగిలి పారేసే పచ్చని పలక కంటే పదేళ్లు నిలిచే కలగలుపు పలక పర్యావరణానికి ఎక్కువ మేలు చేస్తుంది. ఈ లెక్క వేయాలన్నా ముందు దెబ్బ తర్వాత ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియాలి.

చివరి చిక్కు నారలోని హెచ్చుతగ్గులు. ఫ్యాక్టరీలో తీసిన గాజుతీగ నిన్నటిదీ నేటిదీ ఒకటే. జనపనార బలం 400 నుంచి 800 దాకా అని పైన రాసినప్పుడే ఆ చిక్కు అందులో ఉంది. ఈ తేడాలో కొంత మొక్కది, కొంత మనుషుల చేతిది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులకు ఇది చెప్పనక్కర్లేదు. కోసిన గోగు కట్టలను చెరువులో ఊరవేసినప్పుడు రోజులు చాలకపోతే బెరడు బంక వదలదు, మితిమీరితే సూక్ష్మజీవులు బంకను తినేసి సెల్యులోజ్ మీద పడతాయి, నార చీకిపోతుంది. ఊరిన కట్టను కొట్టి, వంచి, నార లాగే క్రమంలో పోగు మీద సన్నని మడతలు పడతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే కణం గోడకు అడ్డంగా గీతల్లా కనిపించే ఆ మడతల దగ్గరే, తర్వాతెప్పుడో పలకలో దెబ్బ తగిలినప్పుడు, నార ముందుగా తెగుతుంది. నారను మార్కెట్లో గ్రేడు చేసేటప్పుడు రంగు, సన్నదనం, మొదలు ముక్కలు, లోపాలు, బలం చూస్తారు. ఆ గ్రేడులు గోనెసంచి కోసం పుట్టినవి. సంచికి ఈ మడతల వల్ల పెద్ద నష్టం లేదు కనుక వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. విజయవాడలో మురళీమోహనరావు, మోహనరావు వక్క, వెదురు వంటి నారలను తీసే పద్ధతులతో పాటే వాటి లాగుడు బలాన్నీ కొలిచి 2007లో ప్రచురించారు. తీసే తీరునూ బలాన్నీ ఒకే పుటలో పెట్టి చూడడం సరైన దిశ. దానికి కొనసాగింపుగా ఊరవేసిన రోజులు, కొట్టిన తీరు, పోగు మీద పడ్డ మడతలు, ఆ పోగుతో చేసిన పలకలో దెబ్బ తర్వాత మిగిలిన బలం, ఈ నాలుగింటినీ ఒకే వరుసలో కొలిచే పని జరగాలి. అది జరిగితే కాంపోజిట్ పలకల కోసం ఊరవేసిన గోగునారకు గోనెసంచి నార ధర కంటే ఎక్కువ అడగడానికి రైతు చేతిలో ఒక అంకె ఉంటుంది.